ముందు వరస సీసాలు

మొదటి రోజు

ఈగల గదికి అధికారిక దినచర్య పుస్తకం ఒకటుంది. ఎన్ని పుట్టాయి, ఎన్ని చచ్చాయి, మేత ఎప్పుడు మార్చాం, అంతవరకే అందులో రాయాలి. ఇది నా సొంత పుస్తకం. ఇందులో నా ఏడుపు నేను ఏడుస్తాను, ఎవరి సంతకమూ అక్కర్లేదు.

ఈ ఉదయం రెండు జట్ల పండు ఈగలూ ఒకేసారి రెక్కలు విప్పాయి. సాదా ఈగలు నాకు, రక్ష ఈగలు ఇందుమతికి. పంచింది దీపాల కమిటీ. ఇందుమతి నా తోడికోడలు, మా మరిది భార్య. ఈ గదిలో నేను పన్నెండేళ్ళుగా మేత వండుతున్నాను, చచ్చిన ఈగల్ని కుంచెతో ఏరుతున్నాను. అది వచ్చి మూడేళ్ళు కాలేదు. అయినా పేరొచ్చే పని దానికిచ్చి, చావుల లెక్క నాకిచ్చారు.

వెలుతురు పడేకొద్దీ ప్రాణి ఒంట్లో ఒక రకం తుప్పు పేరుకుంటుంది. దాన్ని కడిగేసే యాంటీఆక్సిడెంట్ జన్యువు మనందరికీ ఉన్నదే. ఇందుమతి ఈగలకు దాన్ని అదనంగా ఎక్కించారు. అదే రక్ష. తెల్ల దీపాల కింద అవి నా సాదా ఈగలకన్నా ఎక్కువకాలం బతికితే, ఆ రక్షనే సూదిమందుగా బాలవాడి పిల్లలకు వేసి, అక్కడ తెల్ల దీపాలు పెడతారు. నేల అడుగున ఉన్న మా అడుగూరులో పాత నారింజ దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. పైగా అవి కరెంటు బాగా తాగుతాయి. తెల్ల దీపానికి అందులో మూడోవంతు చాలు. కాకపోతే దాని వెలుతురులో నీలం పాలు ఎక్కువ, ఆ నీలం ఒంటికి మంచిది కాదని పాతవాళ్ళు అంటారు. పైన నేలమీద ఎండలో తిరిగిన మనుషులు మా ముత్తాతల కాలంతోనే సరి. ఎంత వెలుతురు ఒంటికి పడుతుందో ఇప్పుడు ఈగల్ని అడిగే తెలుసుకోవాలి.

సీసాలు పెట్టే బల్ల మీద రెండు వరసలుంటాయి. ముందు వరస సరిగ్గా దీపానికి ఎదురుగా ఉంటుంది. వెనక వరస మీద ముందు సీసాల నీడ పడుతుంది. అందుకని రోజూ వరసలు మార్చాలని నియమం. నేను మార్చనన్నాను. అడుగూరులో ఏ ఇంట్లోనైనా భోజనాల దగ్గర దీపం కింద పీట పెద్దకోడలిది. అత్తగారు కూడా లేచి ఆ చోటు ఇస్తుంది. అలాంటిది రోజు విడిచి రోజు నా సీసాలు దాని సీసాల వెనక నక్కి ఉండాలా? వచ్చేపోయేవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?

"మీ ఇష్టం అక్కా. మీ సీసాలే ముందుండనివ్వండి. దానికేముందండీ," అంది ఇందుమతి నవ్వుతూ.

ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. గొడవకైనా దిగితే గెలిచిన సంతోషం నాకు మిగిలేది.

తొమ్మిదో రోజు

బెల్లం, మొక్కజొన్న పిండి, ఈస్టు కలిపి ఉడికించి కొత్త సీసాల్లో పోశాను. ఆ పులిసిన వాసన నా చీరల్లోంచి, జుట్టులోంచి పోదు. ఇందుమతి కూడా అదే మేత వండుతుంది. దాని దగ్గర మాత్రం సబ్బు వాసన వస్తుంది. ఎలాగో అడిగి తెలుసుకోవడానికి నాకు నామోషీ.

ఈగల్ని మార్చాక తట్టి చూసే పని. సీసాను బల్లమీద టకటకా కొడితే ఈగలన్నీ అడుక్కి రాలతాయి. ఒంట్లో సత్తువ ఉన్నవి గబగబా గోడెక్కి పైకొచ్చేస్తాయి. లేనివి కింద దేకుతుంటాయి. మనుషుల్ని కూడా ఇలా తట్టి చూసే వీలుంటే బాగుండేది. ఇవాళ్టికి రెండు జట్లూ బాగానే ఎక్కాయి.

బాలవాడి అయ్యాక నా కూతురు హంసిని వచ్చింది. దానికి ఐదేళ్ళు. వస్తూనే "పిన్నీ!" అని వెళ్ళి ఇందుమతి నడుం పట్టుకుంది. నేను ఎదురుగానే ఉన్నాను, చేతులు కడుక్కుని కూడా ఉన్నాను.

"అమ్మా, పిన్ని ఈగలకి పాటలు పాడుద్ది తెలుసా? నువ్వేమో తిడతావు," అంది.

"తిట్టేది ఈగల్ని కాదులే," అన్నాను.

ఇందుమతికి అర్థమయ్యే ఉంటుంది. హంసినికి కాస్త బెల్లం ముక్క పెట్టి, "అమ్మకి కూడా ఒక ముద్దు పెట్టిరా తల్లీ, పొద్దుట్నించీ నిలబడే ఉన్నారు," అంది. నా కూతురి ముద్దు కూడా నాకు దాని సిఫార్సు మీదే రావాలి కాబోలు. అయినా వచ్చిన ముద్దును కాదనలేదు.

పదిహేడో రోజు

నా సీసాల్లో చావులు మొదలయ్యాయి. నిన్న ఏరినవాటికంటే ఇవాళ చాలా ఎక్కువ. తడితే సగానికి సగం ఈగలు గోడ మొదట్లోనే ఆగిపోతున్నాయి. కొన్ని వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటున్నాయి. ఇందుమతి సీసాలు తడితే మాత్రం అన్నీ బిలబిలమంటూ దూది బిరడా దాకా ఎక్కేస్తున్నాయి. చావాల్సింది నా ఈగలేనని ముందే తెలుసు, పరీక్ష పెట్టిందే అందుకు. అయినా రోజూ నా చేతిలో చచ్చేవీ దాని చేతిలో బతికేవీ పక్కపక్కన చూస్తుంటే కడుపు రగిలిపోతోంది.

మధ్యాహ్నం దీపాల కమిటీ పెద్ద గవర్రాజుగారు వస్తున్నారని కబురొచ్చింది. హడావిడిగా ముందు వరస సర్దుతుంటే నా సీసా ఒకదాంట్లో మేతమీద బూజు కనిపించింది. అది ఆయన కంట్లో పడితే ఇంకేమైనా ఉందా! తీసి వెనక వరసలో, ఇందుమతి సీసాల చివర దూర్చేశాను. చెడిపోయిందని రాసి లెక్కలోంచి కొట్టేశాను.

ఆయన వచ్చి, కళ్ళజోడు పైకెత్తి, వెనక వరస సీసాలే ఒక్కొక్కటీ తీయించి చూశారు. నా అదృష్టం, చివరి సీసా దాకా పోలేదు.

"భేషమ్మా ఇందుమతీ! ఒక్కటి డీలాపడలేదు. నీ చెయ్యి మంచిదమ్మా."

తర్వాత నా వైపు తిరిగి, "నాగరత్నం, నీ ఈగలు కూడా బాగానే పోతున్నాయి కదా?" అన్నారు.

"పోతున్నాయండీ," అన్నాను. ఇంకేమనాలి? పన్నెండేళ్ళ ఉద్యోగంలో కమిటీ పెద్ద నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే, అదీ చంపినందుకు. నేను ముందు వరస కోసం అంత పోట్లాడితే ఆయన దాని వంక కన్నెత్తి కూడా చూడలేదు.

ఇరవై రెండో రోజు

ఈగలన్నీ పోయేదాకా ఆగి లెక్క తేల్చడం పద్ధతి. కానీ బాలవాడిలో మరో రెండు నారింజ దీపాలు ఆరిపోయాయి, ఇక ఆగలేమన్నారు. పిల్లలందరికీ రక్ష సూది వేశారు. తెల్ల దీపాలు బిగించారు. వాటికి పేరు కూడా పెట్టారు, ఇందు దీపాలట. ప్రతి దీపం అంచున రేకు మీద ఆ పేరు చెక్కించారు. రెండువందల ఏళ్ళు వెలుగుతాయట. నా మనవలు, మునిమనవలు దాని పేరు కింద కూర్చుని అక్షరాలు దిద్దుతారు.

ఆ కోపంలోనే బాలవాడికి వెళ్ళాను. పెద్ద దీపం ముందు బల్లకు ఎదురుగా ఉంది. వెనక బల్లల దగ్గర మసక. టీచరు ముందు బల్లమీద ఇందుమతి కొడుకు కిట్టును కూర్చోబెట్టి ఉంది.

"రక్ష తెచ్చినావిడ కొడుకు కదండీ," అంది టీచరు.

"మా ఇంట్లో పెద్దపిల్ల హంసిని. పెద్దకోడలి కూతుర్ని వెనక మసకలో కూర్చోబెట్టి, చిన్నకోడలి కొడుకుని దీపం ఎదురుగా ఎలా కూర్చోబెడతారు? మర్యాద తెలీదా?" అని గట్టిగానే అడిగాను. పిల్లలంతా బిత్తరపోయి చూశారు.

ఇందుమతి వచ్చి కిట్టు చెయ్యి పట్టుకుని లేపింది.

"హంసినినే కూర్చోనివ్వండి టీచర్. మావాడు ఎక్కడైతే ఏంటండీ, కుదురుగా ఉంటే చాలు," అంది.

నా కూతురు ముందు బల్లమీద దర్జాగా కాళ్ళాడిస్తూ కూర్చుంది. ఆ తెల్లటి వెలుతురులో దాని మొహం ఎంత అందంగా ఉందో. చాలా రోజుల తర్వాత కడుపు నిండా అన్నం తిన్నాను.

ఇరవై తొమ్మిదో రోజు

ఏ మాటకామాటే రాస్తాను. ఇవాళ ఇందుమతి భోజనానికి వెళ్ళినప్పుడు దాని సీసాలు వెతికాను. అది ఏదో చేస్తోందని నా అనుమానం. చచ్చినవాటిని దొంగతనంగా మార్చేస్తోందేమో, మేతలో ఏదైనా కలుపుతోందేమో. నా ఈగలు మూడొంతులు పోయాయి. దానివి ఒకటీ అరా తప్ప పోలేదు. అంత తేడా రక్షవల్లే వస్తుందంటే నాకు మనసొప్పలేదు.

వరసగా తట్టి చూశాను. అన్నీ ఎక్కాయి. వాసన చూశాను, మామూలు మేతే. చివరి సీసా దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. దాని మెడకు ఎర్ర దారం ఉంది. ఎర్ర దారం నా గుర్తు. ఆనాటి బూజు సీసా అది. లోపల బూజు లేదు, కొత్త మేత ఉంది. తట్టాను. నా సాదా ఈగలు, ఏ రక్షా లేని ఈగలు, పన్నెండు రోజుల నీడకే తేరుకుని, గోడ పట్టుకుని గబగబా పైదాకా ఎక్కేశాయి. చచ్చినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

అప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఏమీ లేని నా ఈగలే నీడలో ఇలా బతికితే, ఇక దాని రక్ష గొప్పేముంది? దాని ఈగల్ని బతికించింది రక్ష కాదు, నీడ. ఆ పేరంతా ఉత్తదే! దీపాల మీద చెక్కించిన పేరు గీకించేస్తాను అనుకున్నాను. గవర్రాజుగారి ముందు ఏం మాట్లాడాలో, ఇందుమతి మొహం ఎలా వాడిపోతుందో అన్నీ ఊహించుకుంటూ, సీసా కొంగులో పెట్టుకుని బయల్దేరాను.

కమిటీ గదికి బాలవాడి మీదుగానే వెళ్ళాలి. కిటికీలోంచి హంసిని నన్ను చూసి చెయ్యి ఊపింది. ముందు బల్ల. తెల్ల దీపం ఎదురుగా. వెనక మసకలో కిట్టు పలక మీద ఏదో గీసుకుంటున్నాడు.

కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. రక్ష కాదు, నీడ అని ఇప్పటిదాకా మురిసిపోతూ వచ్చింది నేనే. అంటే ఆ దీపం ముందు నా కూతురికి ఏ కాపలా ఉన్నట్టు?

గవర్రాజుగారి దగ్గరికి పరిగెత్తి మొత్తం చెప్పాను. దీపం ఆర్పించమని బతిమాలాను. ఆయన సీసా వంక చూసి నిట్టూర్చారు.

"అమ్మా నాగరత్నం, మీ తోడికోడళ్ళ తగువులు దీపాల కమిటీ తీర్చదమ్మా. ఒక్క సీసా తెచ్చి ఊరిని చీకట్లో పెట్టమంటావా? ఇందులో ఉన్నవి ఆ అమ్మాయి ఈగలు కావని నమ్మకం ఏంటి?"

"ఎర్ర దారం నాదండీ!"

"దారం కట్టడం ఎంతసేపు తల్లీ," అన్నారు మెత్తగానే. తిట్టినా బాగుండేది.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. చెప్పులు విప్పుతున్నాడు. "మళ్ళీ మొదలెట్టావా?" అని లోపలికి వెళ్ళిపోయాడు.

ముప్పయ్యో రోజు

పొద్దున్నే హంసినిని నేనే తీసుకెళ్ళి వెనక బల్లమీద కూర్చోబెట్టాను. టీచరు మళ్ళీ ముందుకు తెచ్చింది.

"మీరే కదండీ అంత గొడవచేసి ముందు కూర్చోబెట్టించారు? రోజుకో చోటు మార్చడం కుదరదండీ," అంది. బాలవాడి మాన్పించాలంటే కమిటీ చీటీ కావాలి. ఆ చీటీ రాసేదీ గవర్రాజుగారే.

ఊళ్ళో నా మాట నమ్మేవాళ్ళు ఒక్కరూ లేరు. దాని మాటైతే నమ్ముతారు. దాని దగ్గరికే వెళ్ళాలి, వెళ్ళి నీ పేరు నువ్వే చెరుపుకోమని చెప్పాలి. నేనైతే ఆ మాట అన్నవాళ్ళ మొహం చూసేదాన్ని కాదు. ఎలాగూ పోట్లాట తప్పదని, అనాల్సినవన్నీ దారి పొడుగునా కూడబలుక్కున్నాను. నీకు పేరు పిచ్చి అనాలి. నీ కొడుకు నీడలో ఉన్నాడు కాబట్టి నీకేం అనాలి.

ఇందుమతి మేత కలుపుతోంది. సీసా దాని ముందు టక్కున పెట్టాను.

"నా సాదా ఈగలు. ఇన్నాళ్ళూ నీ వరసలో ఉన్నాయి. తట్టి చూసుకో," అన్నాను.

"మీరు మర్చిపోయారేమోనని వీటికి కూడా నేనే మేత మారుస్తున్నానక్కా. చెబుదామనుకుంటూనే..." అంటూ సీసా తట్టింది. ఈగలు ఎక్కాయి. మళ్ళీ తట్టింది. మళ్ళీ ఎక్కాయి. ముందు వరసలో మిగిలిన నా సీసా ఒకటి తెచ్చి పక్కన పెట్టి తట్టింది. అందులో ఉన్న కాసినీ అడుగునే దేకాయి. గరిటె మీదనించి మేత గచ్చుమీద కారుతోంది.

"అయితే నీడ మూలంగానన్నమాట," అంది.

నేను నోరు తెరిచాను, కూడబలుక్కున్న మొదటి మాట అందామని.

"హంసిని ఇంకా ముందు బల్లమీదే ఉందా అక్కా?" అంది.

"ఉంది."

అంతే. గరిటె పడేసింది, చెప్పులు కూడా వేసుకోలేదు. నేను గుమ్మం దాటేసరికే అది బాలవాడి మలుపు తిరిగిపోయింది. వెళ్ళేసరికి హంసినిని చంకనేసుకుని దీపం మీట కిందికి లాగేస్తోంది. టీచరు అరుస్తోంది, పిల్లలు చప్పట్లు కొడుతున్నారు.

"నే చెప్పుకుంటానండీ, గవర్రాజుగారికి నే చెప్పుకుంటాను," అంటోంది ఆయాసపడుతూ.

ఆయన వచ్చారు. నేను నిన్న చెప్పిన మాటలే అది చెప్పింది, అంత బాగా కూడా చెప్పలేదు, మధ్యలో ఏడ్చింది కూడా. ఆయన తలూపి, నిజం తేలేదాకా దీపాలు వెలిగించొద్దన్నారు. నేను చెబితే తోడికోడళ్ళ తగువు, అది చెబితే నిజం. హంసిని దాని చంకలో ఉండగా కూడా ఆ మాట నాకు గుచ్చుకుంది.

ముప్పై ఎనిమిదో రోజు

దీపం ఆర్పిన రోజే ఇందుమతి తన సీసాల్లో సగం ముందు వరసకు మార్చింది. ఇవాళ్టికి తేలిపోయింది. రక్ష ఈగలు కూడా గోడ మీదనించి జారిపోతున్నాయి. నా ఈగలంత తొందరగా కాదు. రక్ష కొన్నాళ్ళు కాస్తుంది, ఆ తర్వాత దానివల్లా కాదు. పైగా ఈగ ముదిరేకొద్దీ ఆ వెలుతురు దెబ్బ ఎక్కువ తగులుతోంది. వెనక వరసలో ఉంచిన మిగతా సగం ఇప్పటికీ బిలబిలమంటూ ఎక్కుతున్నాయి.

తెల్ల దీపాలకు నారింజ గాజు తొడిగి, నీలం పోయాకే వాడాలని కమిటీ తీర్మానించింది. అంతవరకు బాలవాడి ఒక పూటే. డాక్టరు హంసిని కళ్ళూ రక్తమూ చూసి, ఈ కొద్ది రోజులకే అయితే ఫర్వాలేదన్నారు. ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాను.

బాలవాడిలోనే కమిటీ పెట్టిన సభలో అందరి ముందూ ఇందుమతి లేచి నిలబడింది. "కనిపెట్టింది మా అక్కండీ. నాకేం తెలీదు. నన్ను పొగిడినవన్నీ ఆవిడకి చెందుతాయండీ," అంది. జనం నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. పన్నెండేళ్ళుగా నేను కోరుకున్న చప్పట్లు అవి. గవర్రాజుగారు లేచి చేతులు జోడించారు. నాకు మాత్రం చెవుల్లో ఏదీ పడలేదు. అందరూ వెళ్ళాక ఇందుమతి స్టూలు వేసుకుని ఎక్కి, దీపం అంచున ఉన్న రేకు మీద తన పేరు తనే కత్తి మొనతో గీకేసింది. కింద స్టూలు పట్టుకున్నది నేనే. గీకుతూ ఏదో కూనిరాగం కూడా తీస్తోంది.

దాని కొడుకు వెనక బల్లమీద నీడలో క్షేమంగా ఉన్నాడు. నోరు మూసుకుని ఉంటే దానికి పోయేదేమీ లేదు. రెండువందల ఏళ్ళు దాని పేరు వెలిగేది. పోయేదల్లా నా కూతురు. అయినా చెప్పులు లేకుండా పరిగెత్తింది.

ఇన్నాళ్ళూ దాని ఈగల్ని చూసి, దాని చేతిని చూసి, నా కూతురు దాని నడుం పట్టుకుంటే చూసి ఏడ్చాను. అవన్నీ ఎలాగో ఓర్చుకోవచ్చు. ఇవాళ దాని ఆ పరుగు చూసి ఓర్వలేకపోతున్నాను. ముందు బల్లమీద కిట్టు ఉండి, వెనక నీడలో నా హంసిని ఉండి ఉంటే, ఆ సీసా పట్టుకుని నేను పరిగెత్తేదాన్నా?

పరిగెత్తేదాన్ననే రాద్దామని ఇందాకట్నుంచి కూర్చున్నాను. ఇందుమతి అన్నానికి రమ్మని రెండుసార్లు పిలిచింది. ఇంకా రాయలేదు.